ఒకవైపు చిక్కుకు, ఒకవైపు పేలకు

ఇజ్రాయెల్‌లోని లాకీష్ తవ్వకాల్లో 2016లో ఒక ఏనుగు దంతపు దువ్వెన దొరికింది. పొడవు మూడున్నర సెంటీమీటర్లు. ఒకవైపు చిక్కు తీయడానికి ఎడంగా 6 పళ్లు, రెండోవైపు పేలకూ ఈపులకూ ఇరుకుగా 14 పళ్లు. దాని మీద సన్నగా చెక్కిన అక్షరాలు 2021లో గాని ఎవరి కంటా పడలేదు. జుట్టులో, గడ్డంలో పేలు పోవాలన్న కోరికను అందులో రాసుకున్నారు. ఆ రాత సుమారు క్రీ.పూ. 1700 నాటిదని అంచనా. మన ముంగిట్లో కూతురిని ముందు కూర్చోబెట్టుకుని పేలు చూసే అమ్మ చేతిలోనూ ఉండేది ఇలాంటి రెండు వైపుల దువ్వెనే.

పేలు శరీరంలోంచే పుడతాయని అరిస్టాటిల్ నమ్మాడు. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శిని కింద పేనును పెట్టి, వెంట్రుకను పట్టుకుని ఉన్న దాని బొమ్మ గీశాడు. ఆ పట్టు కోసమే దాని గోళ్లు కొక్కేల్లా వంగి ఉంటాయి. అందుకే తలస్నానంతో పేలు పోవు. శుభ్రమైన తలలోనూ హాయిగా కాపురం పెడతాయి.

అయినా నింద పిల్లల మీదే పడింది. న్యూయార్క్ బడుల్లో పేలున్న పిల్లల్ని ఇంటికి పంపేసేవారు. 1902లో లీనా రోజర్స్ అనే నర్సును బడుల్లో నియమించారు. ఆమె పిల్లలకు చికిత్స చేసి, ఇళ్లకు వెళ్లి తల్లులకు నేర్పాక గెంటివేతలు బాగా తగ్గాయి. 1909లో షార్ల్ నికోల్ టైఫస్ జ్వరాన్ని మోసేది పేనేనని తేల్చాడు. అది బట్టల్లో ఉండే ఒంటి పేను. తల పేను రోగాలు మోయదు, దురద మాత్రం పెడుతుంది. కానీ చెడ్డపేరు రెంటికీ అంటుకుంది.

ఆ తర్వాత మందుల కాలం వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో డీడీటీ, ఆపైన లిండేన్, మలాథియాన్, 1980లలో పెర్మెత్రిన్. 1990ల నాటికి పెర్మెత్రిన్‌కు లొంగని పేలు చాలా దేశాల్లో కనిపించాయి. ఇప్పుడు వాడే డైమెథికోన్ విషం కాదు. జిడ్డులా పేనును కమ్మేసి చంపుతుంది. మన వైపు వాడే సీతాఫలం గింజల పొడి పేలను చంపుతుంది గానీ, కంట్లో పడితే నల్లగుడ్డును దెబ్బతీస్తుంది. కిరసనాయిలు జోలికి అసలు పోకూడదు.

చెవుల వెనక, మెడ పైన వెతకండి. చుండ్రు దులిపితే రాలుతుంది, ఈపి వెంట్రుకకు అతుక్కుని కదలదు. ఈపులు పగిలి పిల్లలు రావడానికి వారం పైనే పడుతుంది, అందుకే చాలా మందులు తొమ్మిది పది రోజులకు మళ్లీ పెట్టాలి. ఈలోగా మూడు నాలుగు రోజులకోసారి తడి జుట్టుకు కండీషనర్ రాసి పాయ పాయగా దువ్వాలి. మందులు మారుతూ వచ్చాయి. ఆ ఇరుకు పళ్ల పని మాత్రం దువ్వెనదే.