హైదరాబాదుకి ఆన్‌సైట్ వచ్చిన ఫాస్ట్ బౌలర్

మాది కుప్పం పక్కన శాంతిపురం. చిన్నప్పుడు ఎండాకాలం టోర్నమెంట్లకి బస్సు చార్జీలిచ్చి బెంగుళూరు నుంచి ఒక బౌలర్ని తెచ్చుకునేవాళ్ళం. గెలిస్తే "మావాడే", ఓడితే "బయటోడు". మొన్న నా కాంట్రాక్టు ఇక పొడిగించరని రెండు లైన్ల మెయిల్ వచ్చినప్పుడు ఎందుకో ఆ అన్న గుర్తొచ్చాడు.

అమెరికాలో ఎన్‌బీఏలో చోటు దొరకని బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళు ఇటలీ, టర్కీ, చైనా లీగుల్లో ఆడి బతుకుతారు. ఇలాంటి కథే మన హైదరాబాదులోనూ జరిగింది, ఐపీఎల్ పుట్టడానికి 45 ఏళ్ళ ముందే. ఆయన పేరు రాయ్ గిల్‌క్రిస్ట్. 1934లో జమైకాలో పుట్టాడు. మహా వేగం, మహా కోపం.

1958-59లో వెస్టిండీస్ జట్టుతో మన దేశం వచ్చి నాలుగు టెస్టుల్లో 26 వికెట్లు తీశాడు. ఆ తర్వాత అమృత్‌సర్‌లో నార్త్ జోన్‌తో మ్యాచ్. బ్యాట్స్‌మన్ స్వరంజిత్ సింగ్ మీదకి బీమర్లు వేశాడు. అంటే నేల తాకకుండా నేరుగా ఒంటి మీదకి, తల మీదకి వచ్చే బంతులన్నమాట. కెప్టెన్ అలెగ్జాండర్ వద్దన్నా ఆపలేదు. దాంతో టూర్ మధ్యలోనే ఇంటికి పంపేశారు. అప్పటికి ఆయన వయసు 24. 13 టెస్టుల్లో 57 వికెట్లు. అంతే, మళ్ళీ టెస్టు ఆడలేదు. ఇక బతుకంతా ఇంగ్లండులో లాంకషైర్ లీగుల్లో, క్లబ్బులిచ్చే జీతం మీదే.

అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది. 1962 మార్చిలో బార్బడోస్‌లో గ్రిఫిత్ బంతి మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకి తగిలింది. ప్రాణం దక్కిందిగానీ టెస్టు కెరీర్ ముగిసింది. సిరీస్ 5-0తో పోయింది. మనవాళ్ళకి ఫాస్ట్ బౌలింగ్ అలవాటు చెయ్యాలని మన బోర్డు 1962-63 సీజనుకి నలుగురు వెస్టిండీస్ బౌలర్లని పిలిపించింది. స్టేయర్స్ బొంబాయికి, కింగ్ బెంగాల్‌కి, వాట్సన్ ఢిల్లీకి, గిల్‌క్రిస్ట్ హైదరాబాదుకి.

గమనించారా? మన దేశంలో ఏ బౌలింగ్ వల్ల ఉద్యోగం పోయిందో, నాలుగేళ్ళు తిరక్కుండా అదే దేశం అదే బౌలింగ్ కోసం పిలిచి ఉద్యోగమిచ్చింది!

మరి ఫలితం? ఆ సీజన్ రంజీలో హైదరాబాదు మీద బెంగాల్ పంకజ్ రాయ్ 112, 118 కొట్టాడు. వేగమంటే భయపడతాడని పేరుపడ్డ మనిషి, గిల్‌క్రిస్ట్‌ని ఎదుర్కొని రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీ! హైదరాబాదు ఓపెనర్లు నెట్స్‌లో ఏం నేర్చుకున్నారో స్కోరుకార్డుల్లో కనిపించదనుకోండి. సీజన్ అయిపోయింది, నలుగురూ వెళ్ళిపోయారు. మన బోర్డు ఆ ప్రయోగాన్ని కొనసాగించలేదు.

ఆయన్ని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. 1967లో భార్య ముఖం మీద ఇస్త్రీపెట్టెతో కాల్చిన కేసులో ఇంగ్లండులో శిక్ష పడింది, అదీ మూడు నెలల ప్రొబేషనే. బాగా ఆడతాడు కదా అని మృగాల్ని భరిస్తున్నామా అని జడ్జి బాధపడ్డాడట. 2001లో జమైకాలో చనిపోయాడు.

ఇందులో నాకు అర్థమైంది ఒకటే. కాంట్రాక్టు మీద తెచ్చుకున్నవాడి నుంచి మనకి కావలసింది ఆ ఒక్క విద్యే. అది ఉన్నన్నాళ్ళు అతని తప్పులూ కనపడవు, బాధలూ కనపడవు. గిల్‌క్రిస్ట్‌ని ఆపాల్సిన రోజున సరిగా ఆపినవాడు లేడు, ఓ గంట కూర్చోబెట్టి మాట్లాడినవాడూ ఉన్నట్టు లేడు.

మీ టీములో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళుంటే, వాళ్ళ ఊరేదో మీకు తెలుసా?