గవాక్షి, పిచ్చుక గూడు, గాలి దారి

మా ఇంట్లో ఇంకా బతికున్న పాత మాటల్లో గవాక్షి ఒకటి. తెలుగు పుస్తకాల్లో గవాక్షం అంటే కిటికీ. మా కోలారు వైపు మిద్దెల్లో మాత్రం గవాక్షి అంటే పైకప్పులో వదిలిన కన్నం. కన్నడంలోనూ అదే మాట, అదే అర్థం. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు నేర్చుకున్న మాకు ఇది ఎవరి మాట అనే తగువు ఎప్పుడూ రాలేదు. సంస్కృతంలో దానికి ఆవు కన్ను అని అర్థం.

రాతి గోడలు, చెక్క దూలాలు, పైన మట్టి మిద్దె. పొయ్యి ఉన్న గదిలో గవాక్షి తప్పకుండా ఉండేది. కట్టెల పొగ పైకి పోవాలి, కాస్త వెలుతురు కిందికి రావాలి. వాన మొదలైతే ఎవరో ఒకరు మిద్దెక్కి బండ మూయాలి, లేకపోతే కుండ బోర్లించాలి. మా తాత చెప్పేవారు, ఆ పని ఎప్పుడూ పిల్లలదేనని.

ఆ కన్నంలో పక్షి గూడు కట్టినట్టు మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. మెష్ లేదు, వల లేదు. రెండు పూటలా పొగే కాపలా కాసింది. పైగా నిట్టనిలువుగా ఉన్న కన్నంలో గడ్డిపోచ నిలవడానికి గట్టు ఎక్కడుంది? పిచ్చుకలు కావాలంటే దూలానికీ గోడకీ మధ్య సందులోనో, దేవుడి పటం వెనకనో చేరేవి. గడ్డి రాలితే అవ్వ ఊడ్చేసేది, అంతే.

వెంటిలేటర్ కథ వేరు. 1898 ఆగస్టులో బెంగళూరులో ప్లేగు వచ్చింది. పేట ఇరుకు సందుల్లో గాలి ఆడదు, అందుకే రోగం అని అప్పటి పెద్దలు గట్టిగా నమ్మారు. బసవనగుడి, మల్లేశ్వరం ఆ రోజుల్లోనే వెడల్పాటి వీధులతో వెలిశాయి. ప్లేగును మోసేది ఎలుకల మీది ఫ్లీ (flea) పురుగులని పాల్-లూయీ సిమాండ్ కనిపెట్టింది కూడా సరిగ్గా ఆ 1898లోనే. కారణం మారినా గాలి, వెలుతురు మీద పట్టు మాత్రం పోలేదు. మంచిదే అయింది. ఎత్తు గదులు, కిటికీకి పైన వెంటిలేటరు మన ఇళ్లకు మామూలైపోయాయి.

మా నాన్న తరంలో మిద్దె తీసి ఆర్‌సీసీ వేశారు. గవాక్షి పోయింది, వెంటిలేటర్ వచ్చింది. కొన్నేళ్లకు కట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చింది. పిచ్చుకకు ఇంతకన్నా ఏం కావాలి! పుల్ల నిలవడానికి అడ్డంగా గట్టు, వాన తగలని నీడ, పొగ లేదు. అవ్వ ఒకే కట్టడి పెట్టింది: గుడ్లు పెట్టాక గూడు ముట్టకూడదు. లెక్క కూడా చిన్నదే. పొదగడానికి పన్నెండు రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు. ఆ నెల ఓర్చుకుంటే, మళ్లీ గుడ్లు పెట్టకముందే గూడు దించి మెష్ కొట్టొచ్చు. పావురానికైతే ఎక్కువ ఓపిక కావాలి. పద్దెనిమిది రోజులు పొదుగుతుంది, పిల్లలు గూడు విడవడానికి ఇంకో నెల పైనే పడుతుంది.

కష్టం వచ్చింది తర్వాత. పక్షులు రాకూడదని చాలా ఇళ్లలో వెంటిలేటర్లకు అట్టముక్కలు, ప్లైవుడ్ కొట్టేశారు. అదే బాత్‌రూముల్లోకి గ్యాస్ గీజర్లు వచ్చాయి. టెస్టింగ్ ఉద్యోగంలో మాకు అబ్బిన అలవాటు ఒకటుంది: ఎవరైనా ఒకటి బాగు చేశామంటే, దానివల్ల ఇంకేం చెడిందో చూడటం. ఇక్కడ చెడింది చిన్నది కాదు. గాలి చాలకపోతే గ్యాసు సరిగా మండదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. కట్టెల పొగ కళ్లు మండించి మనిషిని బయటికి తోలేది. ఇది అలా చెప్పదు. బెంగళూరు పత్రికల్లో స్నానాల గదిలో పోయిన ప్రాణాల వార్త చదివినప్పుడల్లా మేము ముందు చూసేది ఆ గది వెంటిలేటర్ సంగతే.

అందుకే మా ఇళ్లన్నిటిలో ఇప్పుడు పాటిస్తున్నది ఇది. అట్ట వద్దు, ముప్పావు అంగుళానికి మించని కన్నాల ఇనుప మెష్ చాలు. పిచ్చుక దూరదు, గాలి ఆడుతుంది. దోమల జాలీ అయితే వంటింటి జిడ్డుకు త్వరగా పూడుకుపోతుంది, నెలకోసారి కడగాలి. ఎగ్జాస్ట్ ఫ్యాను గొట్టం బయటి కొసకు రెక్కల మూత పెట్టాలి, ఫ్యాను ఆగితే అదే పడిపోతుంది. గీజర్ మాత్రం, మెష్ ఉన్నా సరే, స్నానాల గది బయటే. ఇందులో బేరం లేదు. ఎండిన పావురాల రెట్ట ఎత్తేటప్పుడు ముందు నీళ్లు చల్లి తడపాలి, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఊళ్లో మా పెద్దమ్మ వాళ్ల మిద్దె ఒకటి ఇంకా నిలిచి ఉంది. గవాక్షి మీద గాజు పలక పరిచారు. వెలుతురు వస్తుంది, పొగ పోయే పని లేదు. మా పిల్లలు దాన్ని స్కైలైట్ అంటారు, పిచ్చుకను గుబ్బచ్చి అంటారు. హోసూరు, బరంపురం వైపు మన ఇళ్లలో ఈ కన్నానికి వేరే పేరేదైనా ఉంటే రాసి పంపండి.