శామీర్‌పేట సకినం: చెరువు కింది మడి నుంచి ఐండ్‌హోవెన్ దాకా

హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటలో, చెరువు కింద నాలుగు మడులున్న ఇంట్లోనే ఒకప్పుడు సకినాలు గంపలకొద్దీ అయ్యేవి. మిగతా ఇళ్ళల్లో కొందరు పండుగనాటికి సోలెడో మానెడో బియ్యం కూడబెట్టుకుని పిల్లల నోళ్ళకు అందేటన్ని చుట్టుకునేవాళ్ళు. సకినాల చరిత్ర చెప్పేవాళ్ళు చాలామంది ఈ సంగతి వదిలేస్తారు. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఎక్కువభాగం చెల్క నేల. రోజూ తినేది జొన్నరొట్టె, గటక. వరి అంటే చెరువు కిందనో బావి కిందనో పండాలి. తెల్లన్నం చుట్టాలొస్తేనో పండుగకో. అందుకే కొత్త వడ్లు ఇంటికొచ్చే రోజుల్లో, సంక్రాంతికి, సకినంలాంటి బియ్యప్పిండి అప్పాలకు అంత విలువ వచ్చింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. మా వాడకట్టులో ప్రతి ఇంట్లోనూ సకినాలు చుట్టడానికి బట్ట పరిచింది ఆ తర్వాతేనని మా అమ్మ చెప్పేది. రాజకీయ చరిత్రలో ఆ పథకం గురించి ఎన్నో పేజీలు రాశారు. పేదింటి వాకిట్లోకి సకినం వచ్చిన సంగతి కూడా అందులో ఒక వాక్యమైనా ఉండాలని నా కోరిక.

సకినం పాత వంట. అందులో పడే సరుకులే ఆ మాట చెప్తాయి. బియ్యం, నువ్వులు, వాము, ఉప్పు. మిరపకాయ లేదు. మిరప అమెరికా ఖండాల పంట, పోర్చుగీసు ఓడల మీద 16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. తెలంగాణ వంటిల్లు ఆ కారాన్ని అన్నిట్లోనూ కలుపుకుంది గానీ పండుగ సకినం మాత్రం తెల్లగానే ఉండిపోయింది. కారం కావాలంటే పక్కన పచ్చిమిరపకాయ తొక్కు పెట్టుకుంటాం. మారింది నూనె ఒక్కటే. పల్లికాయ కూడా దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే. అది మన వైపు విరివిగా పండక ముందు గానుగలో ఆడించిన నువ్వుల నూనెలో, కుసుమ నూనెలో కాల్చేవాళ్ళు. మా మేనత్తకు చివరిదాకా పల్లినూనె సకినాలు రుచించలేదు. నువ్వుల నూనెలో కాలిన దానికి పదిరోజుల తర్వాత వచ్చే కమ్మదనం వేరని ఆమె వాదం. ఆ విషయంలో నాదీ ఆమె పక్షమే.

ఇక చేసే పని. బియ్యం రాత్రంతా నానాలి. పొద్దున నీళ్ళు వంపేసి, జల్లెడ బుట్టలో వడేసి, తడి ఆరకముందే పిండి పట్టించాలి. గిర్నీ రాకముందు రోట్లో పోసి ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి రోకళ్ళతో దంచేవాళ్ళు. ఊళ్ళోకి కరెంటు, దాని వెంట గిర్నీ వచ్చాక దంపుడు పోయింది గానీ, సంక్రాంతి వారంలో గిర్నీ ముందు తడి బియ్యం గంపల వరుస మొదలైంది. ఆ వారమంతా గిర్నీవాళ్ళు వేరే పిండి పట్టరు. తడి బియ్యం కోసం రాయిని మళ్ళీ మళ్ళీ కడగాల్సి వస్తుంది మరి. అంగట్లో దొరికే పొడి బియ్యప్పిండితో సకినం కాదు. చుట్టేటప్పుడే పిండి పుటుక్కున తెగిపోతుంది, తెగకపోతే నూనెలో విరిగిపోతుంది.

పిండిలో నువ్వులు, వాము, ఉప్పు వేసి నీళ్ళు చిలకరిస్తూ కలుపుతారు. ముద్ద చేతికి అంటకూడదు, పగుళ్ళూ పట్టకూడదు. పాత ధోవతినో నూలు చీరెనో నీడన పరిచి, ముందుగా పిండితో గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెడతాం. అప్పుడు అసలు పని. నిమ్మకాయంత పిండి అరచేతిలో ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కలిసి దాన్ని సన్నటి తాడులా మెలిపెడుతూ జారవిడుస్తాయి. మెలి పడుతున్నప్పుడే చెయ్యి గుండ్రంగా తిరగాలి. ఒక చుట్టు, దానికి తగులుతూ రెండోది, మూడోది. చుట్టుకూ చుట్టుకూ మధ్య వెలితి ఉంటే కాల్చేటప్పుడు విడిపోతుంది. మెలి లేకపోతే అది సకినమే కాదు, ఉత్త చక్రం. బట్ట తడి పీల్చుకునేదాకా ఉంచి, చిన్న పళ్ళెం అంచుతో లేపి మూకుట్లోకి జార్చాలి. తడి ఎక్కువుంటే, పిండి బరకగా ఉంటే సకినం నూనెలో పేలుతుంది. మూకుడు దగ్గర కూర్చున్న ఆడవాళ్ళ మోచేతుల మీది మచ్చలు చూస్తే చాలు, అది ఎంత నిజమో తెలుస్తుంది.

ఇంత పని ఒక్కరితో అయ్యేది కాదు. అందుకని ఇవాళ మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో అనుకుని వాడకట్టు ఆడవాళ్ళంతా చేతులు కలిపేవాళ్ళు. కూలి లేదు, బదులు పని ఉంది. పెళ్ళిళ్ళలో అయితే ఆడపిల్లను సాగనంపేటప్పుడు వియ్యంకుల ఇంటికి గంపల్లో సకినాలు వెళ్ళాలి. వాటికి చుట్లు ఎక్కువ, పళ్ళెమంత ఉంటాయి. ఆ పెద్ద సకినం విరగకుండా చుట్టగలిగే చెయ్యి ఊరికి ఒకటో రెండో. ఆమె పేరు చుట్టుపక్కల ఊళ్ళదాకా తెలిసి ఉండేది. “ఏం వదినె, రేపు పొద్దుగాల్నే రావాలె, నువ్వు కూసుంటెనే సకినం నిలుస్తది” అని ముందురోజు వచ్చి బొట్టు పెట్టి పిలిచేవాళ్ళు. ఆ పిలుపే ఆమెకు దక్కిన గౌరవం.

శామీర్‌పేట మీదుగా కరీంనగర్ రోడ్డు పోతుంది. ఇప్పుడు రాజీవ్ రహదారి అంటున్నాం. 1970ల నుంచి కరీంనగర్ జిల్లా పల్లెల వాళ్ళు దుబాయి, మస్కట్ బాట పట్టినప్పుడు వాళ్ళ బస్సులు ఈ రోడ్డునే హైదరాబాద్ చేరేవి. ఇటు మేడ్చల్ మీదుగా పోయే నాగపూర్ రోడ్డున నిజామాబాద్ వాళ్ళు వచ్చేవాళ్ళు. సంచిలో రెండు జతల బట్టలు, తొక్కు సీసా, రేకు డబ్బాలో సకినాలు. నీటి తడి లేని వంట కాబట్టి వారాలపాటు చెడదు. తెలంగాణ సకినం సముద్రం దాటింది మొదట కూలి మనిషి సంచిలోనే. సాఫ్ట్‌వేర్ వాళ్ళ సూట్‌కేసుల్లోకి ఎక్కింది ఆ తర్వాత చాలా ఏళ్ళకు.

ఆ సూట్‌కేసుల కాలానికి మా ఊళ్ళ రూపమే మారిపోయింది. ద్రాక్షతోటలు వెంచర్లయ్యాయి. 1999లో తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ మొదలైంది, శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వెలిసింది, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మా పొలాల మధ్య నుంచి సాగింది. 2016 అక్టోబరులో మేడ్చల్ పేరిట జిల్లా కూడా ఏర్పడింది. పొలాలు పోయిన ఇళ్ళ ఆడవాళ్ళు ఇప్పుడు పిండివంటల దుకాణాల్లో కూలికి చుట్టేది సకినాలే. ఒకప్పుడు నగరంలో మిఠాయి దుకాణాల అద్దాల వెనక సకినం కనిపించడమే అరుదు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం దాన్ని ముందుకు తెచ్చింది. 2011లో రోడ్ల మీద వంటావార్పు జరిగిన రోజుల్లో మన తిండిని మన గుర్తుగా చెప్పుకోవడం నేర్చుకున్నాం. రాష్ట్రం వచ్చాక సకినం ఏడాది పొడుగునా అమ్ముడుపోయే సరుకైంది.

మా మేనకోడలు నెదర్లాండ్స్‌లో, ఐండ్‌హోవెన్‌లో ఉంటుంది. ఆ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసే తెలుగువాళ్ళకు కొదవలేదు. మొదటి సంక్రాంతికి పొడి పిండితో ప్రయత్నిస్తే ఒక్కటీ నిలవలేదట. ఫోన్లో నేను చెప్పినట్టు బియ్యం నానబెట్టి మిక్సీలో పట్టి జల్లించాక మూడు చుట్లు నిలిచాయి. అక్కడ డిసెంబరు 31న ఊరంతా నూనెలో వేయించిన పిండి ఉండలు తింటారని ఆమె చెప్పింది. ఒలీబోలెన్ అంటారట. గోధుమపిండి పులియబెట్టి, ఎండుద్రాక్ష వేసి, పైన చక్కెర పొడి చల్లుతారు.  రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ డచ్చివాళ్ళూ మనలాగే లక్షల్లో కెనడాకు, ఆస్ట్రేలియాకు వలస వెళ్ళారు. కెనడాలోని డచ్చి దుకాణాల్లో క్రొకెట్లు అనే వాళ్ళ వేపుడు చిరుతిండిని గడ్డకట్టించి అమ్ముతారు. కొనుక్కుని ఇంట్లో నూనెలో వేసుకోవడమే. అది ఫ్యాక్టరీలో తయారై మంచుపెట్టెలో ప్రయాణిస్తుంది. చేత్తో చుట్టే మన సకినానికి అలాంటి దారి లేదు. ఐండ్‌హోవెన్‌కు పార్శిల్ వెళ్ళాలన్నా ఇక్కడెవరో ఒకామె నేల మీద బాసింపట్టు వేసుకుని మూడు వేళ్ళతో మెలిపెట్టాల్సిందే.

అందుకే నాకు ఈ వ్యాపారం మీద సంతోషంతోపాటు కోపం కూడా ఉంది. డబ్బా మీద దుకాణం పేరు ఉంటుంది, ఊరు పేరు ఉంటుంది. చుట్టిన మనిషికి మాత్రం ఆ సీజన్‌లో దొరికేది దినకూలి. పొద్దంతా వంగి కూర్చుంటే నడుము పట్టేస్తుంది, నూనె చిమ్మితే మందు ఖర్చు ఆమెదే. బొట్టు పెట్టి పిలిచే గౌరవం ఎటూ పోయింది. కనీసం చేతి పనికి తగిన ధర రావాలి. నేత చీరెకు చేనేత గుర్తు అడిగి కొంటాం కదా, దీనికెందుకు అడగం?

ఈ సంక్రాంతికి అమెరికాకో దుబాయికో సకినాలు పంపేవాళ్ళు ఆర్డర్ ఇచ్చేముందు రెండు ప్రశ్నలు అడగండి. ఇవి చేత్తో చుట్టినవేనా? చుట్టిన వాళ్ళకు కిలోకు ఎంత ఇస్తున్నారు? రెండో ప్రశ్నకు జవాబు చెప్పని చోట కొనకండి.