కంఠాక్షరాలు - తెలుగు గొంతుక

1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలో ఉండిన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో తెలుగే తల్లిభాషగా గల ముస్లిములు, ముఖ్యంగా దూదేకులవారు ఉన్నారు. వారి ఖిరాఅత్ పట్ల ఉర్దూ మాట్లాడే సోదరులలో కొందరికి చిన్నచూపు గలదు. తెలుగు గొంతుకకు 'ఐన్' పలకదని వారి మాట. ఇది ఎంతవరకు నిజమో విచారించవలసి ఉన్నది.

అక్షరం పుట్టే చోటును 'మఖ్రజ్' అంటారు. క్రీ.శ. 8వ శతాబ్దిలో బస్రా పండితుడు ఖలీల్ బిన్ అహ్మద్ తన నిఘంటువును అలిఫ్‌తో గాక ఐన్‌తో ప్రారంభించి, గొంతు నుండి పెదవుల వైపుగా కూర్చారు. 'కితాబుల్ ఐన్' అనే పేరు అందువల్లనే వచ్చింది. ఆయన శిష్యుడు సీబవైహ్ 16 మఖ్రజులను లెక్కించారు. అరబ్బీ వ్యాకరణానికి మూలస్తంభమైన ఈ సీబవైహ్ అరబ్బు కాదు, పర్షియన్! చిన్నచూపు చూసేవారు ఈ సంగతి గమనించాలి.

ఆయన లెక్క ప్రకారం గొంతులో మూడు చోట్లు. అడుగున హమ్జా, ఛోటీ హే. నడుమ ఐన్, బడీ హే. పైన గైన్, ఖే. మన వ్యాకరణం క, గ లను కంఠ్యాలంటుంది గాని, నిజానికి అవి నాలుక వెనుకభాగం మెత్తని అంగిలికి తగిలినపుడు పుడతాయి. అరబ్బుల గొంతు ఎక్కడ ముగుస్తుందో మన కంఠ్యాలు అక్కడ మొదలవుతాయన్నమాట. "గొంతులోనుంచి పలుకు" అని ఉస్తాదు గద్దిస్తే పిల్లవాడు 'ఖ' అనడం ఇందుకే.

ఇబ్నె సీనా (980–1037) అక్షరాల పుట్టుకపై ఆరు అధ్యాయాల చిన్న గ్రంథం రాసి, మూడవ అధ్యాయంలో స్వరపేటికను, నాలుకను వర్ణించారు. స్వరపేటికలోని మృదులాస్థులలో ఒకటి డాలు వంటిది, ఒకటి మూత వంటిది, మరొకటి 'పేరులేనిది'. (పేరులేనిదనే పేరును అనువదించడం మావంటివారికి ఒక చిక్కు. నేటి వైద్యులు దానిని ఉంగరంతో పోలుస్తారు.) ఈ జ్ఞానానికి వెనుక గాలెన్ ఉన్నాడు. 9వ శతాబ్దిలో హునైన్ బిన్ ఇస్‌హాఖ్, ఆయన సహచరులు గాలెన్ గ్రంథాలను అరబ్బీలోకి తెచ్చారు.

ముద్ద మింగేటపుడు దవడకు, నాలుక క్రింది చిన్న ఎముకకు నడుమ ఉన్న కండరాలు ఆ ఎముకను, దానితోపాటు స్వరపేటికను పైకి లాగుతాయి. నాలుక మొదలు వెనుకకు జరుగుతుంది, ఉపజిహ్విక వాలుతుంది, శ్వాస క్షణకాలం ఆగుతుంది. ఐన్ పలికేటపుడు కూడా నాలుక మొదలు, ఉపజిహ్విక వెనుకకు జరిగి గొంతును ఇరుకు చేస్తాయి, కాని శ్వాస ఆగదు. అన్నం మింగే ప్రతి మనిషికీ ఈ కండరాలు ఉన్నాయి. లేనిది అలవాటు మాత్రమే. 17 మఖ్రజులు చెప్పిన ఇబ్నుల్ జజరీ (మరణం హి. 833) సైతం తజ్వీద్ వచ్చినవానికి, రానివానికి నడుమ ఉన్నది దవడకు ఇచ్చే సాధనేనన్నారు.

ఇక ఉర్దూ సంగతి. దక్కనీలో 'ఖాఫ్' ఏనాడో 'ఖే'గా మారిపోయింది. సమాధికీ వార్తకూ మన వీధులలో ఒకటే మాట: ఖబర్. ఐన్ అచ్చులో కలసిపోయింది, రెండు 'హే'లూ ఒకటైనాయి. తెలుగు లిపిలో అచ్చయిన సూరాలలోనూ ఇదే లోపం. మార్కాపురం పలక మీద ఐన్ దిద్దడం ఒక పూటలో వస్తుంది. పలకడానికి మాత్రం, ఇంట్లో ఏ భాష మాట్లాడినా, ఉస్తాదు నోటి ఎదుట కూర్చోవలసిందే.