మామిడి టెంక అంబలి నుంచి ఫుడ్ సైన్స్ పీజీ దాకా: మన తిండి చరిత్ర మనం చదవాలి



డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈమధ్య ఒకటే అడుగుతున్నారు. "పీజీలో ఫుడ్ సైన్స్ తీసుకుంటే ఏమొస్తుంది? అది హోటల్ కోర్సా? వంట నేర్పుతారా?" అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు, ఈ చదువు మన దేశంలోకి ఎట్లా వచ్చింది, అందులో మన తిండి ఎక్కడుంది, ఎక్కడ లేదు అన్నది చరిత్రగా రాస్తున్నాం. పోస్టు పెద్దదే, ఓపికగా చదవండి.

ముందు ఒక టెంక కథ

మన్యంలో కొండరెడ్లు, కోయలు మామిడిపండు తిన్నాక టెంక పారేయరు. ఎండబెట్టి, పగలగొట్టి, లోపలి జీడిని దంచుతారు. ఆ పిండిని మూటగట్టి పారే నీళ్లలో నానబెడతారు. వగరు పోయాక అంబలి కాస్తారు. వానలు పడుతుంటాయి, కొత్త పంట ఇంకా చేతికి రాదు, గాదెలో గింజలు అయిపోతాయి. ఆ రోజుల తిండి అది.

పీజీ క్లాసులో ఇదే పనిని టానిన్లు తొలగించడం అంటారు. వగరుకు కారణం టానిన్. అది నీళ్లలో కరిగి పోతుంది. పిండిపదార్థం, కొవ్వు చల్లనీళ్లలో కరగవు కాబట్టి మూటలో మిగులుతాయి. నీళ్లు పారుతుంటే కరిగిన వగరు ఎప్పటికప్పుడు కొట్టుకుపోతుంది, అందుకే కుండలో నానబెట్టడం కంటే వాగు మేలు. మన అవ్వలకు టానిన్ అన్న పేరు తెలియకపోవచ్చు, పద్ధతి మాత్రం పక్కాగా తెలుసు.

ఈ టెంకకు ఇంకో రెండు కథలున్నాయి. 2001లో ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో టెంక అంబలి తాగిన ఆదివాసీలు చనిపోయారు. చెడిపోయిన టెంక తినడం వల్లేనని ప్రభుత్వం అంది. ఆకలి చావులేనని ప్రజాసంఘాలు అన్నాయి. తడి తగిలిన టెంకకు బూజు పడితే విషమవుతుంది, అది నిజమే. కానీ ఇంట్లో బియ్యం ఉన్నవాళ్లు బూజు టెంక వండుకోరు, అదీ నిజమే.

రెండో కథ యూరప్‌ది. కాశీపూర్ చావులకు ఒక ఏడాది ముందు, 2000లో, యూరోపియన్ యూనియన్ చాక్లెట్ గురించి ఒక చట్టం చేసింది. కోకో వెన్నతో పాటు 5 శాతం దాకా వేరే కొవ్వులు కలపొచ్చని ఆరు కొవ్వుల పేర్లు రాసింది. అందులో సాలు గింజల కొవ్వు ఒకటి, మామిడి జీడి కొవ్వు ఇంకొకటి. మన ఆకలి తిండి అక్కడ చాక్లెట్ కంపెనీల ముడిసరుకు. ఈ రెండు కథలకూ మధ్య ఉన్నదే ఫుడ్ సైన్స్. గింజలో ఏముందో ఎవరికి తెలుసు, ఆ తెలివితో ఎవరు ఏం చేశారు అన్నదే మొత్తం విషయం.

కల్లు చెట్టు మీద పన్ను

మన ప్రాంతంలో తిండి చరిత్ర ల్యాబుల్లో మొదలవలేదు, పన్నులతో మొదలైంది. 1879 మార్చిలో రంప మన్యం తిరగబడింది. మన్సబ్‌దారు దోపిడీ, పోలీసుల వేధింపులు, మైదానం వ్యాపారుల అప్పుల కేసులు అప్పటికే జనాన్ని పీడిస్తున్నాయి. దానిపైన మద్రాసు ప్రభుత్వం కొత్త ఆబ్కారీ నిబంధనలు తెచ్చింది. ఇంటి అవసరానికి చెట్టు గీసుకున్నా నేరమే అయింది. కల్లు హక్కు కాంట్రాక్టర్ల చేతికి పోయింది. మన్సబ్‌దారు వేసిన చిగురుపన్ను సరేసరి. తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య లాంటివాళ్లు నడిపిన ఆ పోరాటాన్ని అణచడానికి పోలీసులు చాలక సైన్యాన్ని దించారు.

స్కూలు పుస్తకంలో ఇది పన్ను గొడవలాగా కనిపిస్తుంది. కానీ జీలుగు కల్లు అప్పటి మన్యంలో మత్తు ఒక్కటే కాదు. ఎండాకాలం నెలల్లో చాలా ఇళ్లకు కడుపు నింపే తిండి. చెట్టు మీద పన్ను అంటే కంచం మీద పన్నే.

ఇప్పుడు అదే రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉద్యాన విశ్వవిద్యాలయం పరిశోధనా స్థానం ఉంది. అక్కడ జీలుగు నీరా మీద పని జరిగింది. నీరా చెట్టు నుంచి దిగిన కొద్ది గంటల్లోనే గాలిలోని, కుండలోని ఈస్టు చక్కెరను తిని ఆల్కహాలు చేస్తుంది. ఇంకా వదిలేస్తే పుల్లగా వినెగర్ అవుతుంది. ఆ మార్పును చల్లదనంతో, శుభ్రతతో ఎట్లా ఆపాలి అన్నది ఫుడ్ మైక్రోబయాలజీ పాఠం. 1879లో మన ముత్తాతలు ప్రాణాలిచ్చి అడిగింది ఈ చెట్టు మీద హక్కునే.

కూనూరు ఎలుకలు, మైసూరు రాజభవనం

మన దేశంలో తిండి మీద శాస్త్ర పరిశోధన 1918లో తమిళనాడు కూనూరులో ఒక చిన్న గదిలో మొదలైంది. రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టర్ బెరిబెరి జబ్బు మీద పని చేశాడు. తర్వాత ఆయన ఎలుకలకు దేశంలోని రకరకాల జనం తిండి పెట్టి చూశాడు. సిక్కులు, పఠాన్లు, మరాఠాలు, గూర్ఖాలు, కన్నడిగులు, బెంగాలీలు, మద్రాసీల తిండి. సిక్కుల తిండి తిన్న ఎలుకలు బాగా పెరిగాయి, మరపట్టిన బియ్యం తిన్నవి వెనకబడ్డాయి. ఆ వరసలో ఆదివాసీ తిండి లేదు. 1937లో అక్కడి నుంచే ఐక్రాయిడ్ భారతీయ ఆహారాల పోషక విలువల పుస్తకం తెచ్చాడు. ఆ సంస్థ 1958లో హైదరాబాద్ తార్నాకకు మారింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. మనం ఎన్ఐఎన్ అంటున్నది దాన్నే.

1960లో అక్కడి గోపాలన్, శ్రీకాంతియా దక్కన్‌లో కనిపించే పెల్లాగ్రా జబ్బు మీద రాశారు. జొన్న ఒక్కటే తిని బతికే నిరుపేదల్లో చర్మం పగిలి నల్లబడే జబ్బు అది. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ దానికి కారణమని వాళ్లు అన్నారు, దాని మీద తర్వాత వాదనలూ జరిగాయి. ఇది ఎందుకు చెప్తున్నామంటే, "మన పాత తిండి అంతా మంచిదే" అని గుడ్డిగా అనుకోవద్దు. జొన్నతో పాటు పప్పు, ఆకుకూర, చేప, దుంప ఉన్నప్పుడే అది మంచి తిండి. అడవి, పోడు పోయి ఒక్క గింజ మిగిలితే ఆ గింజే జబ్బవుతుంది.

పీజీ చదువు విషయానికి వస్తే, 1950లో మైసూరు చెలువాంబ భవనంలో కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ మొదలైంది. అదే సీఎఫ్‌టీఆర్‌ఐ. గేదె పాల నుంచి పిల్లల పాలపొడి చేసే పద్ధతి అక్కడే తయారైంది, అమూల్ దాన్ని మార్కెట్‌కు తెచ్చింది. 1964లో ఐక్యరాజ్య సమితి ఆహార సంస్థ సాయంతో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. ఫుడ్ టెక్నాలజీలో ఎమ్మెస్సీ ఆ కాలంలోనే మొదలైంది. తర్వాత వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో, హోమ్ సైన్స్ కాలేజీల్లో, ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈ చదువు విస్తరించింది.

బంక మనది, నంబరు వాళ్లది

1956లో సాహుకార్ల దోపిడీ నుంచి కాపాడటానికి విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పెట్టారు. చింతపండు, తేనె, కుంకుళ్లు, కొండచీపుర్లు, తపసి బంక కొనడం దాని పని. తపసి బంకను మనవాళ్లు చెట్టుకు గాటు పెట్టి, ఎండలో తిరిగి, ముక్కలు ఏరి జీసీసీకి అమ్మారు. బంక ఎక్కడికి పోతుందో చాలామందికి తెలియదు.

పీజీలో చేరాక అడిటివ్స్ పాఠంలో మేము దాన్ని చూశాం. కరాయా గమ్, నంబరు ఈ-416. సాసులు, ఐస్‌క్రీములు చిక్కగా నిలబడటానికి వాడతారు. కట్టుడు పళ్లు అతికించే పొడిలో కూడా ఉంటుంది. చెట్టు శాస్త్రీయ నామం చదివాకగానీ అది మన తపసి అని మాకు తట్టలేదు. బెరడు ముక్కలు లేకుండా తెల్లగా ఉన్న బంకకు ధర ఎక్కువ, ఎర్రగా మురికిగా ఉంటే తక్కువ. ఆ తేడా గాటు పెట్టే తీరులో, ఆరబెట్టే తీరులో ఉంది. ఈ లెక్క ఊళ్లోనే తెలిసి ఉంటే ఎంత బాగుండేదో ఆలోచించండి.

బియ్యం వచ్చింది, చోళ్లు పోయాయి

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం ఇచ్చింది. ఆకలి తీరింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ దానితోపాటు చోళ్లు, సామలు, కొర్రలు కంచంలో తగ్గుతూ వచ్చాయి. 100 గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో 10 దరిదాపుల్లోనే. చిన్నప్పుడు "చోడి అంబలి తాగేవాళ్లు" అని మనల్ని వెక్కిరించిన టౌన్లలోనే ఇప్పుడు రాగిమాల్ట్ ప్యాకెట్లు అమ్ముతున్నారు.

గత కొన్నేళ్లలో రేషన్‌లోకి ఫోర్టిఫైడ్ బియ్యం వచ్చింది. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మిషన్‌లో మళ్లీ గింజల్లా వత్తి, వంద గింజలకు ఒకటి చొప్పున కలుపుతారు. ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1945లో అమెరికాలో ప్రయోగశాలలో తయారుచేసిన జట్టుకు నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కానీ మన ఊళ్లలో అమ్మలు ఏం చేస్తున్నారు? "ప్లాస్టిక్ బియ్యం" అని చేటలో ఏరి పారేస్తున్నారు. వాళ్లకు వాళ్ల భాషలో ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి. మనవాళ్లలో సికిల్ సెల్ ఎక్కువ. 2018 నిబంధనల్లో సికిల్ సెల్ ఉన్నవాళ్లు ఇనుము కలిపిన ఆహారం తినవద్దన్న హెచ్చరిక ముద్రించాలన్నారు. 2024లో కమిటీ పరిశీలన తర్వాత ఆ హెచ్చరిక అక్కర్లేదని కేంద్రం అంది. ఇది ఢిల్లీలో తేలిన విషయం, గింజ పడేది మాత్రం మన కంచంలో. ఆ రిపోర్టు చదివి, ప్రశ్నించాల్సింది ప్రశ్నించి, భయం అక్కర్లేని చోట అమ్మకు ధైర్యం చెప్పగలిగే మనిషి ఒక్కో మండలానికి ఒక్కరైనా మనలోంచి ఉండాలి కదా?

ఒకే ఏడాది రెండు చట్టాలు

2006లో పార్లమెంటు రెండు చట్టాలు చేసింది. అటవీ హక్కుల చట్టం చిన్న అటవీ ఉత్పత్తుల మీద మనకు హక్కు ఇచ్చింది. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం లైసెన్సు, లేబుల్, ప్రమాణం లేకుండా తిండి అమ్మకూడదంది. మొదటి దాని గురించి మనం సభలు పెట్టుకున్నాం, పాదయాత్రలు చేశాం. రెండో దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. తేనె సేకరించే హక్కు మనదే, కానీ సీసాలో నింపి అమ్మాలంటే తేమ శాతం పరీక్ష కావాలి. తేమ ఎక్కువైతే తేనె పులుస్తుంది. ఆ పరీక్ష చేయగలిగినవాళ్లే సీసా మీద తమ పేరు వేసుకుంటారు. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్ప లడ్డూలు చేసి అమ్ముతున్నారంటే, ఆ రెండు చట్టాలనూ కలిపి పట్టుకున్నారన్నమాట.

2017లో ఎన్ఐఎన్ కొత్త ఆహార పట్టికలు ఇచ్చింది. మొత్తం 528 ఆహారాలు. పెద్ద పని, గౌరవించాల్సిన పని. కానీ మన అడవిలో సీజన్‌కు ఒకటి చొప్పున వచ్చే దుంపలు, ఆకులు, పుట్టగొడుగులు తలచుకోండి. వాటన్నిటికీ అందులో చోటు దొరకలేదు. అవి ఎవరో ఒకరి పీజీ థీసిస్ కావాలి. ఆ ఎవరో మనం ఎందుకు కాకూడదు?

చేరాలనుకునేవాళ్లకు

ఇది వంట కోర్సు కాదు. ఫుడ్ కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ప్రాసెసింగ్, నాణ్యత పరీక్షలు, చట్టాలు ఉంటాయి. ఫుడ్ టెక్నాలజీ, అగ్రికల్చర్, హోమ్ సైన్స్ చదివినవాళ్లకు దారి ఉంది. కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ డిగ్రీవాళ్లను కూడా చాలాచోట్ల తీసుకుంటారు. ఒక్కో యూనివర్సిటీ అర్హత వేరు, నోటిఫికేషన్ సొంతంగా చదవండి. గేట్‌లో ఫుడ్ టెక్నాలజీ సెక్షన్ ఉంది. కేంద్ర సంస్థల్లో ఎస్టీలకు 7.5 శాతం సీట్లు. పీహెచ్‌డీకి ఎస్టీ నేషనల్ ఫెలోషిప్ ఏటా 750 మందికి ఇస్తారు. ఉద్యోగాలంటే ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్, క్వాలిటీ ల్యాబులు, కంపెనీ పరిశోధన, బోధన. మొదటి సెమిస్టరు ఇంగ్లీషు పదాలతో భయపెడుతుంది. మమ్మల్నీ భయపెట్టింది. టానిన్ అంటే వగరు అని తెలిశాక భయం తగ్గింది.

చేరినా చేరకపోయినా ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీ ఇంట్లో అవ్వ దగ్గర కూర్చొని ఒక్క వంటకం రాసుకోండి. ఏ నెలలో తెస్తారు, ఎన్ని రోజులు ఎండబెడతారు, ఎన్నిసార్లు నీళ్లు మారుస్తారు, ఎట్లా ఉంటే పారేస్తారు. అవ్వ పేరు, ఊరి పేరు తప్పకుండా రాయండి. రేపు ఎవరైనా దాన్ని తమ కనిపెట్టుడు అన్నప్పుడు చూపించడానికి మన దగ్గర ఒక కాగితం ఉండాలి.

జై ఆదివాసీ.