పార్కు ఎవరి ఇంటికి దగ్గర? అల్వాల్ నుంచి జిల్లా దాకా ఆటస్థలాల లెక్క

అల్వాల్ ఒకప్పుడు రంగారెడ్డి జిల్లాలో విడి మున్సిపాలిటీ. 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాద్ ఏర్పడినప్పుడు విలీనమైన 12 మున్సిపాలిటీల్లో ఇదొకటి. 2016 నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉంది. ఇలా ఊళ్లు నగరంలో కలిసిన చోట పార్కులు ఎలా పుట్టాయో తెలిస్తే, దళిత బస్తీల పిల్లలు రోడ్డు మీద ఎందుకు ఆడుకోవాల్సి వస్తోందో అర్థమవుతుంది.

లేఅవుట్ ఉంటేనే పార్కు

భూమిని ప్లాట్లు చేసి అమ్మేవారు పదోవంతు ఖాళీ స్థలంగా వదిలి స్థానిక సంస్థకు అప్పగించాలన్నది మన దగ్గర చాలాకాలంగా ఉన్న నిబంధన. కాలనీ పార్కులు ఎక్కువగా ఇలా వచ్చినవే. పాత మాల, మాదిగ వాడలు, గుడిసెలు వేసుకున్నాక పట్టాలు పొందిన బస్తీలు ఏ లేఅవుట్‌లోనూ లేవు. కాబట్టి వాటికి ఆ పదోవంతు రాలేదు. భూమి ఎవరికి దక్కిందో పార్కూ వారికే దక్కింది.

ఉన్న పార్కుల నిర్వహణ చాలాచోట్ల కాలనీ సంక్షేమ సంఘాల చేతుల్లో ఉంటుంది. గేటు తెరిచే వేళలు ఉదయం, సాయంత్రం నడకకు వచ్చేవారికి సరిపోతాయి. తెల్లారకముందే చీపురు పట్టే పారిశుధ్య కార్మికురాలికి సరిపోవు. అల్వాల్ పక్కనే కంటోన్మెంట్ ఉన్నా, సైన్యం ఆధీనంలోని మైదానాలు అందరివీ కావు. బొల్లారం రాష్ట్రపతి నిలయం 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా సందర్శకులకు తెరిచి ఉంటోంది. అది చూసి వచ్చే చోటు, పిల్లలు రోజూ ఆడుకునే చోటు కాదు.

చట్టం ఎక్కడ ఆగిపోతుంది?

ప్రభుత్వ నిధులతో నడిచే బహిరంగ స్థలాల్లో కుల వివక్షను రాజ్యాంగం 15(2) అధికరణ నిషేధిస్తుంది. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం, 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అలా అడ్డుకోవడాన్ని నేరంగా చూస్తాయి. వీటి వెనుక పోరాట చరిత్ర ఉంది. 1927లో అంబేడ్కర్ మహద్‌లో నడిపిన సత్యాగ్రహం ఊరుమ్మడి చెరువు కోసం. 1991 చుండూరు ఊచకోతకు దారితీసిన గొడవ సినిమా హాల్లో కాలు తగలడంతో మొదలైంది. వినోదం కోసం వెళ్లే చోటు కూడా కులానికి బయట లేదు.

అయితే ఈ చట్టాలకు అడ్డుకున్న మనిషి కనిపించాలి. బస్తీలో అసలు పార్కే లేకపోతే ఎవరి మీద కేసు పెట్టాలి? ప్రణాళికలోనే జరిగిన వివక్షను ప్రణాళికలోనే ఎదుర్కోవాలి.

కొలిచి అడగాలి

కేంద్రం 2014 నాటి పట్టణ ప్రణాళిక మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలంటాయి. 5,000 జనాభాకు అర హెక్టారు, అంటే సుమారు ఎకరం పావు పార్కు ఉండాలి. నగరం మొత్తం సగటు తీస్తే బస్తీ లోటు కనబడదు. బస్తీల వారీగా తీయాలి.

అమెరికాలో లాస్ ఏంజెలెస్ కౌంటీ 2016లో ఈ పని చేసింది. కౌంటీని 188 ప్రాంతాలుగా విభజించి, వెయ్యి మందికి ఎంత పార్కు ఉంది, నడిచి వెళ్లగలరా, ఏ స్థితిలో ఉందన్నవి లెక్కించింది. అదే ఏడాది నవంబరులో ఓటర్లు పార్కుల కోసం ప్రత్యేక పన్నును ఆమోదించారు. అందులో కొంత భాగం అవసరం ఎక్కువగా ఉన్న ప్రాంతాలకే కేటాయించారు.

మన దగ్గరా ఆధారాలున్నాయి. రాజ్యాంగం 12వ షెడ్యూలులో పార్కులు, ఆటస్థలాలు పట్టణ సంస్థల పనుల జాబితాలో ఉన్నాయి. మురికివాడల మెరుగుదల కూడా అదే జాబితాలో ఉంది. సమాచార హక్కు దరఖాస్తులో ఈ నాలుగూ అడగవచ్చు:

1. వార్డులోని పార్కులు, వాటి విస్తీర్ణం, ఒక్కోదానిపై ఏటా ఖర్చు.
2. లేఅవుట్ల కింద అప్పగించిన ఖాళీ స్థలాల్లో ఎన్ని ఇప్పటికీ ఖాళీగా ఉన్నాయి?
3. 2020 ఎల్‌ఆర్‌ఎస్‌లో, ఖాళీ స్థలం వదలని లేఅవుట్ల ప్లాట్లకు విలువలో 14 శాతం రుసుము పెట్టారు. అలా వచ్చిన డబ్బు ఎక్కడ ఖర్చయింది?
4. 2017 ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద వార్డులోని ఎస్సీ బస్తీలకు ఎంత వచ్చింది?

జవాబులు వచ్చాక బస్తీ నుంచి దగ్గరి పార్కు గేటు దాకా నడిచి, పట్టిన నిమిషాలు, దాటిన పెద్ద రోడ్లు, గేటు తెరిచే వేళలు రాసుకోవాలి. ఆ పని ఆడపిల్లలతో, ముసలివారితో, వికలాంగులతో కలిసి చేయాలి. వార్డు పటం మీద ఆ దూరాలు గీసి చూపితే, ఎక్కడా స్థలం లేదన్న జవాబు సరిపోదు. ప్రభుత్వ భూమి ఇంకా మిగిలిన చోట ముందు బస్తీ వాటా తేల్చమని అడగవచ్చు.