బైక్ ముందు బ్రేక్ మార్పిస్తున్నారా? షెడ్డుకు వెళ్లే ముందు ఇవి తెలుసుకోండి

స్టేషన్ ఘన్‌పూర్ నుంచి జనగామ వెళ్లాలన్నా, హనుమకొండ వెళ్లాలన్నా 163వ నంబరు జాతీయ రహదారే దిక్కు. లారీలు, ఆర్టీసీ బస్సులు ఒక వేగంతో వెళ్తుంటే, పక్క ఊళ్ల నుంచి రోడ్డెక్కే ట్రాక్టర్లు మరో వేగంతో వస్తుంటాయి. ఇలాంటి దారిలో బండి ఎంత వేగంగా పోతుందన్న దానికన్నా ఎంత దూరంలో ఆగుతుందన్నదే ముఖ్యం. పాత బైకుకు వెడల్పు టైర్లు, కొత్త హ్యాండిల్ వేయించుకున్నవాళ్లు ఆ తర్వాత ముందు డిస్క్ బ్రేక్ గురించి ఆలోచించడం మంచిదే. కానీ దొరికిన భాగమల్లా బిగిస్తే అటు ప్రాణానికీ ఇటు చట్టానికీ ఇబ్బందే.

ముందు బ్రేక్ ఎందుకంత కీలకం?

బ్రేక్ వేయగానే బండి బరువు ముందుకు వాలుతుంది. ముందు టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, వెనుక టైరు తేలికవుతుంది. అందుకే పొడి రోడ్డు మీద గట్టిగా ఆపేటప్పుడు ఎక్కువ పని ముందు బ్రేకే చేస్తుంది. గంటకు 60 కి.మీ. వేగంలో ఉన్న బండిని రెండు బ్రేకులతో సరిగ్గా ఆపితే సుమారు 20 మీటర్లలో ఆగుతుంది. 80 కి.మీ. వేగంలో అదే దూరం 36 మీటర్లకు చేరుతుంది. ప్రమాదాన్ని చూసి బ్రేక్ మీద చెయ్యి వేసేలోపు గడిచే సెకను దీనికి అదనం. 60 కి.మీ. వేగంలో ఆ ఒక్క సెకనులోనే బండి దాదాపు 17 మీటర్లు వెళ్లిపోతుంది. వెనుక బ్రేక్ ఒక్కటే తొక్కితే ఆగే దూరం దాదాపు రెట్టింపవుతుంది.

ఉన్న బ్రేక్‌నే బాగుచేయిస్తే చాలదా?

చాలాసార్లు చాలు. డ్రమ్ బ్రేక్ అయితే షూలు, కేబుల్ చూపించండి. డిస్క్ అయితే ప్యాడ్ల మీది గాడి అరిగిపోయిందా, డిస్క్ మీద ముద్రించిన కనీస మందం ఇంకా ఉందా చూడమనండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వేడి దాకా మరగదు. తేమ పట్టాక ఆ కనీస హద్దు 155 డిగ్రీలే. మరిగితే పైపులో ఆవిరి బుడగలు పుట్టి లివర్ మెత్తబడుతుంది. అందుకే సాధారణంగా రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించాలి. నున్నగా అరిగిన టైరుతో ఎంత మంచి డిస్క్ పెట్టినా ఉపయోగం లేదు.

చట్టం ఏమంటోంది?

తయారీదారు నిర్దేశించిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ చెబుతోంది. బండి నిర్మాణంలో చేసే మార్పు దాని మౌలిక లక్షణాన్ని మార్చేస్తే దాన్నే ‘మార్పు’గా ఈ సెక్షన్ పరిగణిస్తుంది. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు ఇచ్చిన రూపానికి విరుద్ధంగా మార్చడం కుదరదని స్పష్టం చేసింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు.

అరిగిన ప్యాడ్లు, షూలు, పైపు, ఆయిల్‌ను కంపెనీ చెప్పిన రకంతోనే మార్చడం మరమ్మతు కిందికే వస్తుంది. వేరే బండి ఫోర్కు, చక్రం తెచ్చి బిగించడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. కొన్ని మోడళ్ల ఆర్‌సీలో పేరు పక్కనే డ్రమ్ లేదా డిస్క్ అని ఉంటుంది, అదీ చూసుకోండి. సందేహం ఉంటే డబ్బు ఖర్చు పెట్టకముందే మీ జిల్లా రవాణా కార్యాలయంలో అడగండి. ఘన్‌పూర్ వాసులకైతే అది జనగామలో ఉంది. వెళ్లేటప్పుడు ఆర్‌సీ, బీమా కాగితాలు, కొనాలనుకున్న భాగాల వివరాలు తీసుకెళ్లండి. వీలైతే జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

డ్రమ్ తీసి డిస్క్ పెట్టాలంటే ఏమేం మారాలి?

డిస్క్ ఒక్కటీ కొంటే సరిపోదు. కాలిపర్ బిగించే ఏర్పాటున్న ఫోర్కు భాగం, డిస్క్‌కు సరిపడే హబ్ ఉన్న చక్రం, మాస్టర్ సిలిండర్, లివర్, హోస్ పైపు అన్నీ ఒకదానికొకటి సరిపోవాలి. మాస్టర్ సిలిండర్ పిస్టన్ పెద్దదైతే లివర్ రాయిలా గట్టిగా ఉండి పట్టు తగ్గుతుంది. చిన్నదైతే లివర్ హ్యాండిల్‌కు తగిలేదాకా లోపలికి వస్తుంది. హీరో గ్లామర్, హోండా షైన్ వంటి మోడళ్లు డ్రమ్, డిస్క్ రెండు రకాల్లోనూ వచ్చాయి. మీ మోడల్‌కూ, అదే తయారీ సంవత్సరానికీ డిస్క్ రకం ఉంటే దాని కంపెనీ భాగాల సెట్టు మొత్తం వాడటమే క్షేమం. ఫోర్కుకు వెల్డింగ్ చేసి కాలిపర్ నిలబెడతామంటే ఒప్పుకోవద్దు.

సీబీఎస్, ఏబీఎస్ ఉన్న బండ్ల సంగతి?

2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బైకుల్లో 125 సీసీ దాటిన వాటికి ఏబీఎస్, 125 సీసీ వరకు వాటికి కనీసం సీబీఎస్ తప్పనిసరి అయింది. సీబీఎస్ ఉన్న చాలా బండ్లలో కాలి బ్రేక్ తొక్కితే ముందు బ్రేక్ కూడా కొంత పడుతుంది. డ్రమ్ తీసేటప్పుడు ఆ కేబుల్ విప్పి పక్కన పడేస్తే చట్టం తప్పనిసరి చేసిన రక్షణనే తీసేసినట్టు. ఏబీఎస్ బండికి వేరే చక్రం వేస్తే సెన్సర్, దాని పళ్ల చక్రం కుదరక ఏబీఎస్ పనిచేయకపోవచ్చు. ఆ హెచ్చరిక దీపం ఆరకుండా వెలుగుతుంటే బండిని సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.

బీమా వర్తిస్తుందా?

మార్పు చేసిన విషయం బీమా సంస్థకు ముందే రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే ప్రమాదం జరిగాక మీ బండికి జరిగిన నష్టం చెల్లించే దగ్గర పేచీ రావచ్చు. విడిభాగాల బిల్లులు దాచుకోండి.

బండి తీసుకునే ముందు ఏం చూసుకోవాలి?

హ్యాండిల్‌ను ఎడమకు, కుడికి పూర్తిగా తిప్పండి. ఎక్కడా హోస్ పైపు బిగుసుకోకూడదు, టైరుకు తగలకూడదు. ఎత్తు హ్యాండిల్ వేయించుకున్నవాళ్లు ఇది తప్పక చూడాలి. లివర్‌ను గట్టిగా నొక్కి అర నిమిషం పట్టుకోండి. మెల్లగా లోపలికి జారితే ఆయిల్ కారుతున్నట్టో, మాస్టర్ సిలిండర్ సీలు పోయినట్టో అనుకోవాలి. స్పాంజిలా మెత్తగా తగిలితే లోపల గాలి మిగిలినట్టే, మళ్లీ గాలి తీయించాలి. లివర్ వదిలాక చక్రం సులువుగా తిరగాలి. బ్రేక్ లైటు వెలగాలి. డిస్క్ మీద, ప్యాడ్ల మీద ఆయిల్, గ్రీజు మరక ఉండకూడదు.

కొత్త ప్యాడ్లు వెంటనే పూర్తి పట్టు ఇవ్వవు. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు ముందున్న బండికి దూరం ఎక్కువ వదలండి. ఖాళీ చోట తక్కువ వేగంలో పదిసార్లు ఆపి చూసుకున్నాకే హైవే ఎక్కండి.